ఆరుగురు తల్లుల పాలు

26 వారాలకే ఈ లోకానికి వచ్చిన శిశువు తూకం సుమారు 800 గ్రాములు ఉంటుంది. మన వంటింట్లోని కిలో పంచదార పొట్లం కంటె తక్కువ. ఆ శిశువుకు పాలు చప్పరించడం ఇంకా రాదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం అనే మూడు పనులను ఒకదానితో ఒకటి కలుపుకొనే నేర్పు సుమారు 34 వారాలకు గాని అబ్బదు. అందుచేత నోటి నుండి గాని ముక్కు నుండి గాని కడుపులోకి ఒక సన్నని గొట్టం వేసి, సిరంజిలోని పాలను కొద్దికొద్దిగా దించుతారు. తల్లి అద్దం అవతల నిలబడి ఆ పాల చుక్క దిగడాన్ని చూస్తూ ఉంటుంది.

ఆ సిరంజిలోని పాలు ఎవరివి? తల్లివే అయితే ప్రశ్న లేదు. తల్లికి పాలు పడకపోతే, మరొక తల్లి ఇచ్చిన పాలు ఆ బిడ్డను బ్రతికిస్తే, ఆ ఇచ్చిన స్త్రీ ఆ బిడ్డకు ఏమవుతుంది? ఆమె పేరు అతనికి తెలియాలా, అక్కరలేదా? కువైట్‌లో జీవిస్తున్న తెలుగువారమైన మనకు ఈ ప్రశ్న దూరపుది కాదు. మన బిడ్డలు ఇక్కడి ఆసుపత్రులలోనే పుడుతున్నారు. మన పురాణాలు ఈ ప్రశ్నకు ఒక జవాబు చెబుతున్నాయి, ఈ దేశపు ధర్మం మరొకటి చెబుతున్నది, మన హైదరాబాదు వేరొక దారిని ఎంచుకొన్నది. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి ఆలోచిద్దాం.

ముందుగా నెలలు నిండని బిడ్డకు ఏమి కావాలో తెలుసుకోవాలి. తల్లి కడుపులో చివరి మూడు నెలలు ఇంటికి సంబారాలు చేర్చుకొనే కాలం వంటివి. ఎముకలకు కావలసిన కాల్షియం, భాస్వరం, రక్తానికి కావలసిన ఇనుము, ఒంటిని వెచ్చగా ఉంచే కొవ్వు చాలవరకు అప్పుడే బిడ్డకు చేరుతాయి. 28 వారాల లోపే పుట్టిన శిశువు ఆ సంబారాలు అందకముందే ప్రయాణానికి బయలుదేరినట్లు. కనుక పుట్టిన తొలి గంటలలోనే గ్లూకోజు, మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాలు, ఆపై కొవ్వు రక్తనాళం ద్వారా అందిస్తారు. దానితోపాటు పేగుకు పని నేర్పడం కోసం కొన్ని చుక్కల పాలు మొదలుపెడతారు. కిలో బరువుకు రోజుకు 10 నుండి 20 మిల్లీలీటర్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. 800 గ్రాముల బిడ్డకు అది రోజు మొత్తానికి రెండు మూడు చెంచాలు మాత్రమే. క్రమంగా పెంచుకొంటూ కిలోకు 150 మిల్లీలీటర్ల వరకు తీసుకొని వెళతారు.

అయినా అది చాలదు. ఇంత చిన్న బిడ్డ కడుపులో పెరిగినట్లే బయట పెరగాలంటే కిలో బరువుకు రోజుకు 3.5 నుండి 4 గ్రాముల మాంసకృత్తులు అవసరమని వైద్యులు చెబుతారు. తల్లిపాలు ఎంత శ్రేష్ఠమైనవైనా 150 మిల్లీలీటర్లలో అవి రెండు గ్రాములకు మించి దొరకడం కష్టం. నెలలు నిండిన బిడ్డ కోసం ప్రకృతి ఏర్పరచిన పాలు అవి. అందుచేత తల్లిపాలలో ఫార్టిఫయర్ అనే పోషక పదార్థాన్ని కలుపుతారు. మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం, విటమిన్లు అందులో ఉంటాయి. చాలావరకు అది ఆవుపాల నుండి తయారవుతుంది. తల్లి, దానిమిచ్చిన మరొక తల్లి, ఆవు, ఇన్ని చోట్ల నుండి వచ్చినది ఆ చిన్న సిరంజిలో కలుస్తుంది.

ఇక్కడ కొందరు తల్లులు నొచ్చుకొంటారు. 'నా పాలు చాలవా?' అని. ఆ మాట వెనుక ఇంకొక మాట దాగి ఉంటుంది: 'నేను బిడ్డను నిండు నెలలు మోయలేకపోయాను.' మన పురాణాలలో నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ ఉన్నాడు. వినత రెండు అండాలను కాపాడుతూ ఐదు వందల ఏండ్లు వేచి ఉన్నది. సవతి కద్రువ పిల్లలు పుట్టి ఆడుకోవడం చూసి ఆగలేక ఒక అండాన్ని పగులగొట్టింది. నడుము వరకే రూపుదిద్దుకొన్న బిడ్డ బయటకు వచ్చాడు. తొడలు లేనివాడు గనుక అతనికి అనూరుడని పేరు. అతడు తల్లిని శపించాడు. అయినా రెండవ అండం విషయంలో ఓర్పుతో ఉండుమని, అందులోనుండి పుట్టబోయేవాడే ఆమెను విడిపిస్తాడని కూడా అతడే చెప్పాడు. ఆ వచ్చినవాడు గరుత్మంతుడు.

ఈ కథను మన తల్లులపై నేరంగా మోపరాదు. వినత అండాన్ని పగులగొట్టింది. వార్డు బయట నిలబడ్డ తల్లి దేనినీ పగులగొట్టలేదు. అధిక రక్తపోటు, ఇన్‌ఫెక్షన్, కవలల గర్భం వంటి కారణాలు కొన్ని ఉంటాయి. అనేకసార్లు ఏ కారణమూ దొరకదు. కథలో మనం గుర్తు పెట్టుకోవలసినది మరొకటి. తొందరగా పుట్టిన అనూరుడు అరుణుడనే పేరుతో సూర్యుని రథసారథి అయ్యాడు. ప్రతి ఉదయం సూర్యుని కంటె ముందు మనం చూసేది అతడినే.

పోషణకు రెండవ ముఖం కూడా ఉన్నది. ప్రేమతో పెట్టినది ఎల్లప్పుడు మేలు చేయదు. అశ్వత్థామ చిన్నతనంలో పాల కోసం ఏడిస్తే తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లను పాలని చెప్పి ఇచ్చారు. అవి తాగి అతడు సంతోషంతో గంతులు వేశాడు. ఆ దృశ్యం ద్రోణుని గుండెను కోసింది. తెల్లగా ఉన్నదంతా పాలు కాదు. నెలలు నిండని శిశువులకు డబ్బా పాలకు బదులు మనిషి పాలు పడితే, పేగు కణజాలం నశించే ఎన్‌ఈసీ అనే ప్రాణాంతక వ్యాధి ముప్పు తగ్గుతుందని అధ్యయనాలు నిరూపించాయి. దానం చేసిన పాలతో కూడా ఆ రక్షణ ఉంటుంది. అయితే ఆ పాలపై బిడ్డ బరువు కొంత నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఫార్టిఫయర్ అవసరం మరింత గట్టిది.

ఎక్కువ పెట్టడమే మేలు అనుకొన్నవారికి కూడా ఒక హెచ్చరిక ఉన్నది. 1983 చివరలో అమెరికాలో ఈ-ఫెరాల్ అనే విటమిన్ ఇ మందును నెలలు నిండని శిశువులకు రక్తనాళం ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ఆమోదం పొందకుండానే అది అంగడికి వచ్చింది. 1984 ఏప్రిల్‌లో దానిని వెనక్కు తీసుకొనే సమయానికి 38 మంది శిశువుల మరణాలతో దానికి సంబంధమున్నదని తేలింది. విటమిన్ అన్న పేరు చూసి ఎవరూ భయపడలేదు. మన ఇండ్లలోనూ అదే పొరపాటుకు అవకాశం ఉన్నది. పుట్టిన బిడ్డ నాలుకపై తేనె రాయడం, ఉగ్గు పట్టడం, ఒక చుక్క తీర్థం వేయడం మన పెద్దలకు అలవాటు. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదకరమని ఇప్పుడు మనకు తెలుసు. వార్డులోని బిడ్డకు మన చేతితో వేసే ఏ చుక్కయినా అపాయమే. తీర్థం తల్లి పుచ్చుకొంటే చాలు. చేయి చాచకుండా ఆగడం కూడా ఆ సమయంలో ప్రేమే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇస్లాం ధర్మంలో పాలు బంధుత్వాన్ని కలిగిస్తాయి. ఒక స్త్రీ తన బిడ్డ కాని శిశువుకు నిర్ణీత వయసులోపు పాలిస్తే ఆమె ఆ శిశువుకు తల్లి అవుతుంది, ఆమె పిల్లలు తోబుట్టువులవుతారు. వారి మధ్య వివాహం నిషిద్ధం. ముహమ్మద్ ప్రవక్తకు పాలిచ్చి పెంచిన హలీమా పేరు ఈనాటికీ గౌరవంతో తలుస్తారు. ఎన్నిసార్లు పాలు తాగితే ఈ బంధం ఏర్పడుతుందన్న విషయంలో న్యాయ సంప్రదాయాల మధ్య తేడాలున్నాయి. ఒక్కసారి చాలునని కొందరు, ఐదుసార్లు కావాలని కొందరు చెబుతారు. కువైట్‌లో 1984 నాటి 51వ సంఖ్య గల కుటుంబ చట్టం కూడా పాలబంధుత్వాన్ని వివాహానికి అడ్డంకిగా గుర్తించింది.

ఈ నియమం ఉన్నచోట ఎవరి పాలో తెలియని పాలబ్యాంకు ఒక పెద్ద చిక్కు. తెలియకుండా పాలసోదరులైనవారు రేపు పెళ్లి చేసుకొంటే? 1983 మే నెలలో కువైట్‌లోనే ఇస్లామీయ వైద్య శాస్త్ర సంస్థ నిర్వహించిన సదస్సులో పండితులు, వైద్యులు కలిసి ఈ విషయం చర్చించారు. రొమ్ము నుండి నేరుగా తాగితేనే బంధం ఏర్పడుతుందని, కలిపిన పాలతో ఏర్పడదని కొందరు పండితులు వాదించారు. తక్కినవారు ఒప్పుకోలేదు. 1985 డిసెంబరులో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ధర్మశాస్త్ర పరిషత్తు ముస్లిం దేశాలలో పాలబ్యాంకుల స్థాపన కూడదని తీర్మానించింది.

అక్కడితో ఆగిపోయి ఉంటే బిడ్డలే నష్టపోయేవారు. కాని కువైట్ వైద్యులు ఒక మధ్యేమార్గం కనుగొన్నారు. తమ నవజాత శిశు విభాగంలో తల్లిపాల దానాన్ని ఎలా ప్రవేశపెట్టారో 2000లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వారు వివరించారు. వారి పద్ధతి సులభమైనది. పలువురి పాలను ఒకటిగా కలపరు. ఇచ్చే తల్లి, పుచ్చుకొనే తల్లి ఒకరినొకరు ఎరుగుతారు. ఇద్దరూ ఒప్పుకొన్న తరువాతనే పాలు చేతులు మారుతాయి. ధర్మం అడ్డుపడిందని కూర్చోకుండా, ధర్మం కోరినదానినే వారు పద్ధతిగా మార్చుకొన్నారు.

మన హైదరాబాదు తీసుకొన్న దారి వేరు. నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' అనే పేరుతో తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. ఆసియాలో మొదటి పాలబ్యాంకు ముంబైలోని సయన్ ఆసుపత్రిలో 1989లో వైద్యురాలు ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో వెలసింది. ఇటువంటి బ్యాంకులలో దాతకు ముందుగా రక్తపరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. సాధారణంగా పలువురి పాలను కలుపుతారు, దాత పేరు పుచ్చుకొనేవారికి చెప్పరు. ఆ బ్యాంకుకు పెట్టిన పేరు మాత్రం మన పిల్లలు నేర్చుకోదగినది. ధాత్రి అంటే పాలిచ్చి పెంచే స్త్రీ. భూమికి కూడా అదే పేరు. మన తెలుగులో 'దాది' అన్న మాట దానికి వికృతి.

పేరు తెలియాలన్న కువైట్ పద్ధతి, పేరు వద్దన్న హైదరాబాదు పద్ధతి, ఈ రెండింటిలో ఏది మేలు? మొదట చూస్తే కువైట్ పద్ధతి మన మనసుకు దగ్గరగా ఉన్నది. మనకు ఋణం అన్న భావన ఉన్నది. పుట్టినవాడు ఋణాలతోనే పుడతాడని మన పెద్దల మాట. పాల ఋణం అన్నిటికంటె పెద్దది. ఎవరికి ఋణపడ్డామో తెలియకుండా ఋణం తీర్చడం ఎట్లా? శరవణంలో, రెల్లు గడ్డి మధ్య దొరికిన శిశువును ఆరుగురు కృత్తికలు చూశారు. ప్రతి ఒక్కరూ తానే పాలివ్వాలని ముందుకు వచ్చారు. ఎవరినీ చిన్నబుచ్చకుండా ఆ శిశువు ఆరు ముఖాలు ధరించి ఆరుగురి పాలూ తాగాడు. షాణ్మాతురుడన్నారు, అంటే ఆరుగురు తల్లుల కొడుకు. కార్తికేయుడన్న పేరు కూడా కృత్తికల నుండే వచ్చింది. అతని పేరే ఒక రిజిస్టరు. పాలిచ్చినవారి పేరు మోసినందుకు పార్వతి మాతృత్వానికి ఏ లోటూ రాలేదు.

కాని ఇక్కడ మనం మనతో నిజం చెప్పుకోవాలి. మన ఇండ్లలో దాత పేరు చెబితే మొదట పుట్టే ప్రశ్న ఏది? 'ఆమె బాగున్నదా, ఆమె బిడ్డకు పాలు మిగిలాయా' అన్నది కాదేమో. 'ఎవరివాళ్లు, ఏ కులం' అన్నదే ముందు వస్తుందని మనకు తెలుసు. అరబ్బు సమాజంలో ఒకప్పుడు పాలబంధుత్వం వేర్వేరు వంశాలను కూడా దగ్గర చేసింది. పేరు తెలియడం అక్కడ చుట్టరికాన్ని పెంచింది. అదే పేరు మన మధ్య గోడ కట్టే ప్రమాదం ఉన్నది. పేరు చెప్పని పాలబ్యాంకు ఆ గోడను కట్టనివ్వదు. దాతలలో కొందరు తమ బిడ్డను పోగొట్టుకొన్న తల్లులు కూడా ఉంటారు. వారికి ఎవరి కృతజ్ఞతనూ ఎదుర్కొనే శక్తి ఉండకపోవచ్చు. పేరు చెప్పకపోవడం వారికి ఒక ఊరట.

కాబట్టి మేము తలచేది ఇది. బిడ్డకు ఆకలి ముందు, లెక్క తరువాత. పాలు దొరికే దారి ఏదైనా, ఆ ఇంటివారి విశ్వాసానికి భంగం కలగకుండా, వైద్యుల కనుసన్నలలో, ఆ దారిని తెరచి ఉంచడం మొదటి ధర్మం. కువైట్ వైద్యులు చేసినది అదే. ఆ తరువాత, పేరు తెలిసినా తెలియకపోయినా, ఋణం మాత్రం తెలియాలి. 'నువ్వు పుట్టినప్పుడు మరొక తల్లి పాలు నిన్ను నిలబెట్టాయి' అని ఎదిగిన బిడ్డకు చెప్పడంలో సిగ్గు లేదు. దానిని దాచడంలోనే ఒక అన్యాయం ఉన్నది. పేరు తెలియని ఋణం తీర్చే దారి కూడా ఉన్నది. ఆ ఇచ్చినామెకు తిరిగి ఇవ్వలేము గనుక, అవసరంలో ఉన్న మరొకరికి ఇవ్వాలి.

పాల మాట వచ్చింది గనుక మరొక విషయం చెప్పక తప్పదు. కడప ప్రాంతం నుండి, గోదావరి జిల్లాల నుండి ఎందరో తెలుగు స్త్రీలు తమ బిడ్డలను అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర విడిచి కువైట్ వచ్చారు. ఇక్కడి ఇండ్లలో ఇతరుల బిడ్డలకు స్నానం చేయించారు, అన్నం తినిపించారు, జోకొట్టారు. వారు పాలివ్వలేదు గనుక వారికి ఏ ధర్మశాస్త్రమూ బంధుత్వం ఇవ్వదు. అయినా వారు దాదులే. మన తెలుగు ఇండ్లలో పనిచేసే ఆయాల విషయంలోనూ ఇదే సత్యం. పాలను లెక్కించే ధర్మం గొప్పది. పెంచిన చేతులను కూడా లెక్కించే మనసు మనకు కావాలి. మన బిడ్డను ఎత్తుకొన్నామె ఊరి పేరు, ఆమె పిల్లల పేర్లు మనకు తెలుసా? ఈ ప్రశ్నను మనలో ప్రతి కుటుంబమూ ఒకసారి వేసుకోవాలి.

వార్డు బయట ఉన్న తల్లికి మనం చేయగలిగినవి చిన్న పనులే. తల్లిపాలు పడాలంటే రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా పాలు పిండుతూ ఉండాలి, రాత్రులలో కూడా. ఊరుకాని ఊరిలో, అత్తమామలు, అమ్మానాన్నలు దగ్గర లేనిచోట, అది ఎంత కష్టమో ఊహించండి. మంచి బ్రెస్ట్ పంపు సమకూర్చడం, వేడి అన్నం తెచ్చి పెట్టడం, ఇంటి దగ్గరున్న పెద్ద బిడ్డను చూసుకోవడం, భర్త డ్యూటీలో ఉంటే ఆసుపత్రికి కారులో దింపడం, 'ఇంకా ఎన్ని గ్రాములు పెరిగాడు?' అని రోజూ అడిగి ఆమెను కలవరపెట్టకుండా ఉండడం, ఇవన్నీ ఆ సిరంజిలోకి దిగే పాలలో భాగాలే. 800 గ్రాముల బిడ్డ రోజుకు సుమారు 15 గ్రాములు పెరిగితే వైద్యులు తృప్తి పడతారు. మూడు చెంచాల నీటి బరువు అది. దాని వెనుక ఎందరి చేతులున్నాయో ఏ త్రాసూ చూపదు.

కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి అంటారు. ఆ నక్షత్రాలనే అరబ్బులు సురయ్యా అంటారు. ఈ దేశపు పెద్దలు వాటి ఉదయాస్తమయాలను బట్టి ఎండకాలాన్ని లెక్కపెట్టేవారు. కార్తిక మాసంలో మనం దీపం పెట్టినప్పుడు పిల్లలు ఆ నక్షత్రాల సంగతి అడిగితే, అవి ఒక బిడ్డకు పాలిచ్చిన ఆరుగురు తల్లులని చెబుదాం. ఆ బిడ్డ వారిలో ఎవరికీ పుట్టలేదని, అయినా వారి పేరే పెట్టుకొన్నాడని కూడా చెబుదాం.